ఉగాది మేకప్: తలంటు తర్వాత పల్చగా, సహజంగా, నిగారింపుతో ఎలా?

మామిడిపూత (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. ఈసారి (2026) ఉగాది మార్చి 19, గురువారం. మేకప్ వేసుకున్నట్టు తెలియకూడదు, మొహం మాత్రం కళకళలాడుతూ ఉండాలి. ఆ రోజు వరస ఇదీ: తెల్లవారుజామున నువ్వుల నూనెతో తలంటు, సున్నిపిండి నలుగు, తర్వాత సాంబ్రాణి, ఎనిమిదింటికి పూజ, పచ్చడి. అక్కణ్ణుంచి పదకొండు దాకా పొయ్యి దగ్గర బొబ్బట్లు. సాయంత్రం ఐదింటికి గుడిలో పంచాంగ శ్రవణం.

చామనఛాయ. నుదురు, ముక్కు జిడ్డు, బుగ్గలు మామూలే. కళ్ళ కింద నలుపు, నోటి చుట్టూ కొంచెం ముదురు రంగు. చీర మామిడాకుపచ్చ ఉప్పాడ పట్టు. ఫౌండేషన్ రాస్తే గంటలో ముక్కు పక్కన చీలిపోతోంది, ఫోటోల్లో మొహం బూడిద రంగులో పడుతోంది. లోపం ఎక్కడుందో విడమరిచి చెప్పండి.

పట్టుకొంగు

లోపం ఫౌండేషన్‌లో కాదండీ, దాని కిందున్న నూనెలో. తలంటు నాడు మామూలుగా మొహం కడుక్కుని మేకప్ మొదలుపెడితే ఏ కంపెనీది రాసినా జారుతుంది. సున్నిపిండి నూనెను చాలావరకు లాగుతుంది కానీ మొత్తం లాగదు. జుట్టు మొదళ్ళు, చెవుల ముందు, దవడ కింద, ముక్కు రెక్కల మడతలు: ఈ నాలుగు చోట్లా నూనె మిగిలిపోతుంది. అరగంటలో అక్కణ్ణుంచి మొహం మధ్యకి పాకుతుంది.

తలస్నానం అయ్యాక జెల్ ఫేస్‌వాష్ శనగగింజంత తీసుకుని, అరచేతిలో ముందే నురగ చేసి, ఆ నాలుగు చోట్ల మీదే ఎక్కువసేపు రుద్దండి. మొత్తం 40 సెకన్లు చాలు. బుగ్గల మీద ఊరికే పోనిస్తే సరిపోతుంది. ఒంటి సబ్బు మాత్రం మొహానికి వద్దు, చర్మాన్ని పిండేసి బిగుసుకుపోయేలా చేస్తుంది. అలా బిగిసిన చర్మం మీద ఏది రాసినా పెచ్చుల్లా కనిపిస్తుంది.

తుడుచుకున్నాక ఒక పల్చటి టిష్యూ కాగితం నుదుటి మీద, ముక్కు పక్కన అద్ది పది లెక్కపెట్టండి. కాగితం వెలుతురుకి పెడితే అద్దంలా మచ్చలు కనిపిస్తున్నాయా, ఇంకా నూనె ఉన్నట్టే. ఆ చోట్లు మళ్ళీ కడగండి. కాగితం మీద నూనె మచ్చ లేకుండా వచ్చేదాకా క్రీము డబ్బా మూత తీయొద్దు.

సున్నిపిండి

పట్టుకొంగు గారు చెప్పినదానికి పసుపు సంగతి కలుపుతాను. ఫోటోల్లో రంగు తేడా రావడానికి అదీ ఒక కారణం.

పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ నూనెలో కరుగుతుంది, నీళ్ళలో దాదాపు కరగదు. అందుకే ఎన్ని నీళ్ళు పోసినా మొహం మీద పసుపు ఛాయ నిలుస్తుంది. ఆ ఛాయ మీద మీ అసలు రంగుకి సరిపోయే ఫౌండేషన్ రాస్తే మొహం ఒక రంగు, మెడ ఒక రంగు. క్షారం తగిలితే అదే పసుపు ఎర్రబారుతుంది. పసుపులో సున్నం కలిపితే కుంకుమ అయ్యేది ఇలాగే. సబ్బు కూడా క్షారమే, అందుకని నలుగు మీద సబ్బు రుద్దితే అక్కడక్కడా తుప్పురంగు గీతలు కనిపిస్తాయి.

విరుగుడు సులువు. నలుగు కడిగాక, ఫేస్‌వాష్ కంటే ముందు, నాలుగైదు చుక్కల నువ్వుల నూనె గానీ క్లెన్సింగ్ బామ్ (మేకప్, జిడ్డు కరిగించి తీసే మైనం లాంటిది) గానీ మొహానికి రాసి అర నిమిషం మర్దనా చేసి, తడి గుడ్డతో తుడవండి. గుడ్డ పసుపెక్కుతుంది. ఆ తర్వాతే ఫేస్‌వాష్. ఇంకా మంచిది, మొహానికి రాసే నలుగులో పసుపు చిటికెడుకి మించనివ్వకపోవడం. కాళ్ళకీ గడపకీ కావలసినంత రాసుకోవచ్చు.

పట్టుకొంగు

ఈ క్రమం తప్పకూడదు: నూనె, తర్వాత ఫేస్‌వాష్, తర్వాత టిష్యూ పరీక్ష. నూనెతో తుడిచి ఆపేస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

నీరెండ

చర్మం ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్. బుగ్గలకి శనగగింజంత, నుదుటికి ముక్కుకి అందులో సగం కూడా వద్దు. జిడ్డు చోట్ల జెల్ రకం, బుగ్గల మీద క్రీము రకం: ఒకే మొహానికి రెండు రకాలు వాడటం తప్పేమీ కాదు. ఐదు నిమిషాలు ఆగండి.

తర్వాత సన్‌స్క్రీన్. మార్చిలోనే మన దగ్గర ఎండ నెత్తి మాడ్చేస్తుంది, ఇది వదిలేసే మెట్టు కాదు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే మొహానికి, మెడకి సరిపోతుంది. డబ్బా మీద రాసే ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే) సంఖ్య చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసినప్పటి లెక్క. చుక్కంత రాసి 50 అనుకుంటే మీకు అందేది అందులో చిన్న వాటా. ఒక గీత రాసి, రెండు నిమిషాలు ఆగి రెండోది రాస్తే మొహం తెల్లగా తేలకుండా పడుతుంది. ఆ తర్వాత కనీసం పది నిమిషాలు ఫౌండేషన్ జోలికి వెళ్ళొద్దు. ఈలోగా సాంబ్రాణి వేసుకోవచ్చు. పొగకి కళ్ళు ఎలాగూ నీళ్ళు కారతాయి, కాటుక ఇంకా పెట్టలేదు కాబట్టి భయం లేదు.

మంగు మచ్చలు ఉన్నవాళ్ళకి రంగు కలిసిన సన్‌స్క్రీన్ మేలు. అందులోని ఐరన్ ఆక్సైడ్లు అతినీలలోహిత కిరణాలకి తోడు మామూలు వెలుతురుని కూడా అడ్డుకుంటాయి. మంగు ముదరడంలో ఆ వెలుతురుకీ పాత్ర ఉంది. రంగు చర్మానికి సరిపోతే ఫౌండేషన్ అవసరం సగం తగ్గిపోతుంది.

మామిడిపూత

> ఆ తర్వాత కనీసం పది నిమిషాలు ఫౌండేషన్ జోలికి వెళ్ళొద్దు

ఇక్కడే ఇంకో చిక్కు ఉందండీ. సన్‌స్క్రీన్ మీద ఏది రుద్దినా రబ్బరుతో చెరిపిన పొట్టులాగా ఉండలు ఉండలుగా లేస్తోంది. అదెందుకు?

నీరెండ

మూడు కారణాలు. ఒకటి, కింద పొర ఆరకముందే పైది రుద్దడం. రెండు, కింద సీరమ్ (చర్మానికి రాసే పల్చటి ద్రవం), దాని మీద జెల్, దాని మీద సన్‌స్క్రీన్, దాని మీద ప్రైమర్ (మేకప్ పట్టడానికి ముందు రాసే పొర) అంటూ పొరలు పెంచుకోవడం. సీరమ్‌లలో చిక్కదనం కోసం వేసే జిగురు పదార్థాలు ఆరాక పల్చటి పొరలా అయి, పై రాపిడికి చుట్టుకుపోతాయి. మూడు, కింద నీటి ఆధారితం, పైన సిలికోన్ ఎక్కువున్నది అయితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవు.

పండగ నాడు సీరమ్ మానేయండి, ప్రైమర్ మానేయండి. మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, అంతే. ఆ పైన వేసేది రుద్దకుండా అద్దండి. అప్పటికీ పొట్టు లేస్తే ఆ చోటు తడి స్పాంజితో పూర్తిగా తుడిచేసి, సన్‌స్క్రీన్ నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. పొట్టు మీద ఇంకో పొర వేసి కప్పుదామంటే అది ఇంకా పెరుగుతుంది.

గాజులపెట్టె

ఇప్పుడు బూడిద రంగు సంగతి. ఇది చామనఛాయ వాళ్ళలో చాలామందికి వచ్చేదే, ముఖ్య కారణం: కళ్ళ కింద నలుపు మీద నేరుగా లేత రంగు కన్సీలర్ (మచ్చలు, నలుపు కప్పే చిక్కటి క్రీము) వేయడం. నీలం, గోధుమ కలిసిన నలుపు మీద తెల్లదనం పడితే కనిపించేది బూడిదే. ముందు ఆ నలుపుని విరిచే రంగు పడాలి. చామనఛాయకి పీచ్ రంగు, ఇంకా ముదురు ఛాయకి నారింజ.

ఎంత? ఒక్కో కంటికి బియ్యపు గింజంత. దాన్ని కూడా కన్ను కింద మొత్తం పులమొద్దు. అద్దం ముందు గడ్డం కాస్త కిందికి దించి చూడండి. ముక్కు పక్కన, కంటి లోపలి మూల దగ్గర నీడ ఎక్కడ ముదురుగా ఉందో అక్కడ మూడు చుక్కలు. ఉంగరం వేలితో, పిండి ముద్ద మీద వేలిముద్ర వేసినంత మెల్లగా అద్దుతూ అంచులు కరిగించండి. ఈ దశలో కన్ను కింద లేత నారింజ ఛాయ కనిపించాలి, అది తప్పు కాదు. ఒక నిమిషం ఆగి, దాని మీద మీ చర్మం రంగు కన్సీలర్ ఇంకో బియ్యపు గింజంత. ఒక షేడు లేతది దాకా ఫర్వాలేదు, రెండు షేడులు లేతదైతే కళ్ళజోడు పెట్టినట్టు తెల్ల వలయాలు తేలతాయి. చూపు పైకి పెట్టి, ముడతల్లో చేరిన దాన్ని శుభ్రమైన వేలితో ఒకసారి తుడిచేయండి. అప్పుడే పౌడరు.

నోటి చుట్టూ కూడా ఇదే పద్ధతి, కానీ అక్కడ ఇంకా పల్చగా. మాట్లాడటం, నవ్వడం, తినడం వల్ల మడతలు ఎక్కువ. అక్కడి రంగు 100 శాతం కప్పాలని చూడకండి, సగం కప్పితే చాలు. పూర్తిగా కప్పినచోట మధ్యాహ్నానికి గీతలు పడతాయి.

కృష్ణాతీరం

మొహం మొత్తానికి ఫౌండేషన్ వేయకుండా ఫోటోల్లో సమంగా ఎలా వస్తుంది? మీడియం కవరేజీ ఫౌండేషన్ రెండు పంపులు, తడి స్పాంజితో అద్దుకుని, పౌడరుతో సెట్ చేస్తే సాయంత్రం దాకా నిలుస్తుంది. పెళ్ళిళ్ళకి చేసేది అదే కదా.

గాజులపెట్టె

పెళ్ళి మేకప్ ఏసీ హాల్లో, వీడియో లైట్ల కింద, పక్కనే సరిదిద్దే మనిషి ఉండగా నిలిచేది. ఇక్కడ పెనం ముందు మూడు గంటలు నిలబడాలి. రెండు పంపులు వేస్తే చెమట బయటికి రావడానికి దారి లేక పొర కిందే చేరి, ముక్కు పక్కన, పెదవి పైన చీలుస్తుంది. మామిడిపూత గారి మొదటి ఫిర్యాదు అదేగా.

పల్చటి స్కిన్ టింట్ (చర్మం కనిపించేంత తేలికగా రంగునిచ్చే క్రీము) గానీ, మామూలు ఫౌండేషన్ అర పంపులో శనగగింజంత మాయిశ్చరైజర్ కలిపింది గానీ వాడండి. సన్‌స్క్రీన్ మాత్రం ఫౌండేషన్‌లో కలపొద్దు, కలిపితే రెండూ సరిగ్గా పరుచుకోవు, రక్షణ చెడుతుంది. వేయాల్సింది ముక్కు చుట్టూ, బుగ్గల లోపలి సగం, గడ్డం. అక్కణ్ణుంచి స్పాంజిలో మిగిలినదాన్ని అంచులకి లాగండి. చెవి ముందు, దవడ పక్క, నుదుటి పై భాగం: అక్కడ మీ చర్మమే కనిపించాలి. సహజంగా ఉందని చూసేవాళ్ళకి అనిపించేది ఈ అంచుల వల్లే. మచ్చలు మిగిలితే వాటి మీద మాత్రమే సన్న బ్రష్‌తో కన్సీలర్ చుక్క.

స్పాంజిని నీళ్ళలో ముంచి, పిండి, పొడి తువ్వాలులో చుట్టి మళ్ళీ పిండండి. నీళ్ళు కారే స్పాంజి వేసినదాన్ని చెరిపేస్తుంది.

కృష్ణాతీరం

కలపడం గురించి మీరన్నది సరే, వంటింటి లెక్క వేరని ఒప్పుకుంటాను. అయితే షేడు విషయం ఒకటి చెప్పాలి. చాలా ఫౌండేషన్లు రాసిన పావుగంటకి ముదురుతాయి. కొట్లో చేతి మీద రాసి చూసి కొనేయడం వల్ల ఇంట్లో రంగు మారిపోయిందంటారు. దవడ మీద, మెడలోకి దిగేలా మూడు షేడుల గీతలు గీసుకుని, బయటికొచ్చి పగటి వెలుతురులో పావుగంట తర్వాత చూడాలి. ఏ గీత కనపడకుండా పోయిందో అదే మీది. మణికట్టు నరాల రంగు చూసి అండర్‌టోన్ (చర్మం లోపలి ఛాయ) చెప్పే పద్ధతి మన ఛాయలకి నమ్మకంగా పనిచేయదు, ముఖ్యంగా పసుపు, ఆకుపచ్చ కలిసిన ఆలివ్ ఛాయ వాళ్ళకి.

ఎడిసన్ తెలుగమ్మాయి (న్యూజెర్సీ)

మా దగ్గర మార్చిలో ఇంకా చలే. ఇంట్లో హీటరు. ఉగాది వేడుక ఎలాగూ శనివారమో ఆదివారమో హాల్లో జరుగుతుంది. ఇక్కడ సమస్య చెమట కాదు, ముక్కు పక్కన, గడ్డం మీద పొలుసులు లేవడం. వాటికి పై పద్ధతి నడుస్తుందా?

నీరెండ

మీకు చాలావరకు తలకిందులండీ. ముందు రోజు రాత్రి ఆ పొలుసుల మీద స్క్రబ్బు వేయకండి, గీసుకుపోయి మర్నాడు మేకప్ అక్కడే పట్టుకుంటుంది. మందంగా వాసెలీన్ రాసుకుని పడుకోండి. పొద్దున గోరువెచ్చటి తడి గుడ్డ ఒక నిమిషం ఆ చోట అద్ది మెత్తగా తుడిస్తే పొలుసు దానంతటదే వస్తుంది. హయలురోనిక్ సీరమ్ (తేమ పట్టి ఉంచేది) వాడితే తడి మొహం మీద రాసి, వెంటనే పైన క్రీము వేయండి. పొడి గాలిలో అదొక్కటే రాసి వదిలేస్తే చర్మం ఇంకా లాగినట్టవుతుంది. మీకు పౌడరు కళ్ళ కింద తప్ప ఎక్కడా వద్దు, మొహమంతా క్రీము రకాలే. హాల్లో తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు మొహాన్ని వెలవెలబోయేలా చేస్తాయి కాబట్టి బ్లష్ (బుగ్గలకి రాసే రంగు) పగటి కంటే ఇంకో పొర వేయండి.

కాటుకరేఖ

బ్లష్ గురించి నేను చెబుతాను, నిగారింపు నిజంగా వచ్చేది అక్కణ్ణుంచే. హైలైటర్ (మెరుపు కోసం రాసేది) గురించి అందరూ అడుగుతారు, బ్లష్ గురించి ఎవరూ అడగరు.

లేత గులాబీ బ్లష్‌లలో తెల్లని పిగ్మెంట్ ఎక్కువ, చామనఛాయ మీద సున్నం రాసినట్టు పడుతుంది. ఇటుక రంగు, పగడం రంగు, పండిన నేరేడు రంగు: ఇవి డబ్బాలో చూస్తే భయపెడతాయి, వేశాక చర్మంలోంచి వచ్చినట్టే ఉంటాయి. క్రీము బ్లష్ కందిగింజంత తీసుకుని ముందు చేతి వెనక రుద్ది పల్చన చేయండి. అక్కణ్ణుంచి వేళ్ళతో చెంప ఎముక మీద అద్దుతూ కణతల వైపు తీసుకెళ్ళండి. నవ్వి, ఉబ్బిన చోట వేస్తే నవ్వు ఆపగానే రంగు కిందికి జారి మొహం వాడినట్టు కనిపిస్తుంది. మామూలు మొహంతోనే వేయండి. ముక్కు నుంచి రెండు వేళ్ళ దూరం వదలండి.

మామిడాకుపచ్చ చీర మీద ఒక జాగ్రత్త. పట్టు వెలుతురుని తిప్పికొడుతుంది, ఆ పచ్చ ఛాయ గడ్డం కింద, దవడ మీద పడుతుంది. ఎండలో ఆరుబయట ఫోటో తీస్తే స్పష్టంగా తెలుస్తుంది. దాన్ని విరిచేది ఎరుపే. అందుకని పగడం రంగు బ్లష్ చేతికి కాస్త ఎక్కువే రానివ్వండి, గడ్డం కొసన కూడా మిగిలిన వేలిని ఒకసారి అద్దండి. పసుపు చీర అయితే ఇంత అక్కర్లేదు.

హైలైటర్ వెండి, ముత్యం రంగులు వద్దు. బంగారు, రాగి కలిసినవి మన ఛాయల్లో కలిసిపోతాయి. మెరుపు రేణువులు కంటికి విడివిడిగా కనపడితే అది పగటికి పనికిరాదు. చెంప ఎముక పైఅంచున, కనుబొమ్మ చివర కింద, పై పెదవి మధ్య విల్లులాంటి వంపు మీద. ముక్కు కొసన, నుదుటి మధ్య ఎప్పుడూ వేయొద్దు. మొహం మధ్యలో మెరిస్తే చూసేవాళ్ళు జిడ్డు అనుకుంటారు, పక్కల మెరిస్తే కళ అంటారు. రెండిటికీ తేడా చోటు ఒక్కటే.

విశాఖ అల

పౌడరు మాట ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమకి చెమట ఆరదు. పౌడరు లేకుండా క్రీములు మాత్రమే అంటే పూజ అయ్యేలోపే కరిగిపోతాయి.

గాజులపెట్టె

పౌడరు వేయాలి, చోట్లు ఎంచుకుని వేయాలి. ముక్కు, దాని రెండు పక్కలు, నుదుటి మధ్య, పెదవి పైన, జుట్టు మొదళ్ళ వెంట సన్నటి గీత. పెద్ద బ్రష్‌తో చల్లితే బ్లష్, హైలైటర్ మీద పడి మెరుపంతా చచ్చిపోతుంది. చిన్న పఫ్‌ని సగానికి మడిచి పౌడరులో ముంచి, అరచేతిలో రుద్ది పఫ్ లోపలికి ఎక్కించి, చర్మం మీద నొక్కి తీయండి. లాగొద్దు. కోస్తాలో ఇదే రెండుసార్లు, ఐదు నిమిషాల తేడాతో. హైదరాబాద్, అనంతపురం వైపు పొడి వేడి కాబట్టి ఒకసారి చాలు.

ఇంకొకటి, హెచ్‌డీ పేరుతో వచ్చే తెల్లటి సిలికా పౌడర్లు కంటికి కనపడవు కానీ ఫ్లాష్ పడితే తెల్లగా వెలుగుతాయి. జింక్, టైటానియం ఎక్కువున్న సన్‌స్క్రీన్లతోనూ ఇదే గొడవ. గుడిలో సాయంత్రం ఫ్లాష్‌తో తీసేవాళ్ళుంటారు. ముందే ఇంట్లో చీకటి గదిలో ఒక సెల్ఫీ ఫ్లాష్‌తో తీసి చూడండి, బండారం బయటపడుతుంది.

కాటుకరేఖ

కళ్ళు, బొట్టు, పెదవులు.

కాటుక కిందికి దిగేది చాలాసార్లు కాటుక తప్పు కాదు, కన్ను కింద మిగిలిన సన్‌స్క్రీన్ జిడ్డుది. కింది రెప్ప వెంట్రుకల కింద సన్న బ్రష్‌తో పౌడరు గీత వేశాకే కాటుక. వాటర్‌ప్రూఫ్ జెల్ పెన్సిల్‌తో గీసి, ఆరేలోపే దాని మీద ముదురు గోధుమ ఐషాడో అద్దితే నిలుస్తుంది. సహజంగా కావాలంటే పై రెప్ప వెంట్రుకల మొదళ్ళలో మాత్రమే పెట్టి, కింద వదిలేయండి. ఇంట్లో ఆముదం దీపపు మసితో చేసిన కాటుకలో నూనె ఉంటుంది, మార్చి వేడికి దిగక తప్పదు. సంతల్లో దొరికే సుర్మా కొనకండి, కొన్నిటిలో సీసం ఉంటుంది. పసిపిల్లలకైతే అస్సలు పెట్టొద్దు.

కుంకుమ బొట్టు నిలవాలంటే ఆ చోట ఫౌండేషన్ ఉండకూడదు. తడి దూదిపుల్లతో గుండ్రంగా తుడిచి, ఆరాక, ఆవగింజంత మైనం గానీ వాసెలీన్ గానీ వేలికొసతో అద్ది, దాని మీద కుంకుమ. వాసెలీన్ ఎక్కువైతే బొట్టు ముక్కు మీదికి కారుతుంది. స్టిక్కరు పెట్టేవాళ్ళు కూడా కింద తుడవాల్సిందే, లేకపోతే జిగురు పట్టదు. స్టిక్కరు కింద దురద వచ్చినా, చర్మం తెల్లబడుతున్నట్టు ఉన్నా వెంటనే మానేసి డాక్టరుకి చూపించండి. కొన్ని జిగురుల్లో ఉండే రసాయనం వల్ల అక్కడ శాశ్వతంగా తెల్లమచ్చ పడే ప్రమాదం ఉంది.

పెదవులకి లిప్‌స్టిక్ పూజ ముందు వేసి లాభం లేదు. పచ్చడిలో చింతపండు రసం సంగతి అటుంచండి, బొబ్బట్టు మీద నెయ్యి ఎంత మ్యాట్ రకాన్నైనా పెదవి లోపలి అంచు నుంచి కరిగిస్తుంది. మధ్యలో ఖాళీ, చుట్టూ గీత మిగులుతుంది. పొద్దునకి నీటి ఆధారిత లిప్ టింట్: ఒక పల్చటి పొర, నిమిషం ఆరనిచ్చి టిష్యూతో అద్ది, ఇంకో పొర. తిన్నాక పైన బామ్. పెదవుల మీద పొలుసులుంటే టింట్ వాటిలో ముదురుగా చేరుతుంది, అందుకని ముందు రాత్రి బామ్ తప్పనిసరి.

మామిడిపూత

చీర ఎప్పుడు కట్టుకోవాలి? జాకెట్ మెడకి ఫౌండేషన్ అంటుకుంటోంది.

పట్టుకొంగు

మేకప్ ముందు, చీర తర్వాత. తల మీంచి తీసే బట్టలు వద్దు, ముందు గుండీలున్న చొక్కా వేసుకుని మేకప్ ముగించండి. మెడకి సన్‌స్క్రీన్ తప్ప ఏ రంగూ రాయకండి. షేడు సరిగ్గా ఉంటే మెడకి రాయాల్సిన పనే లేదు. జాకెట్ తొడిగే ముందు మెడ వెనక టిష్యూ అద్దండి.

సెట్టింగ్ స్ప్రే (మేకప్ నిలవడానికి చల్లేది), సెంటు ఏదైనా చీర కట్టకముందే. పట్టు మీద నీటి చుక్క పడితే ఆరాక మచ్చ వలయం మిగులుతుంది. జరీ మీద సెంటు పడితే ఆ చోట నల్లబడొచ్చు. స్ప్రే మూరెడు దూరం నుంచి మూడుసార్లు, కళ్ళు మూసుకుని, ఆరేదాకా మొహం కదపకుండా.

మల్లెపూలు అన్నిటికంటే చివర. తల పూర్తిగా ఆరకుండా పూలు పెట్టి జడ బిగిస్తే మెడ వెనక నుంచి తడి, నూనె కలిసి దిగుతాయి.

విశాఖ అల

బొబ్బట్ల తర్వాత, సాయంత్రం గుడికి ముందు మళ్ళీ మొత్తం కడిగి వేసుకోవాలా?

గాజులపెట్టె

అక్కర్లేదు, కానీ జిడ్డు మీద పౌడరు మాత్రం కొట్టొద్దు. చెమట, నూనె, పౌడరు కలిసి పిండి ముద్దలవుతాయి. కేక్ కట్టడం అనేది నూటికి తొంభై పాళ్ళు ఇక్కడే మొదలవుతుంది.

ముందు మెత్తటి నూలు గుడ్డతో చెమట అద్దండి. తర్వాత బ్లాటింగ్ కాగితం, అది లేకపోతే టిష్యూలో ఒక్క పొర విడదీసి, ముక్కు మీద నొక్కి తీయండి. చీలినచోట, అంటే ముక్కు పక్కన, పెదవి పైన, శుభ్రమైన తడి స్పాంజితో పది సార్లు అద్దితే మిగిలిన రంగు సమంగా పరుచుకుంటుంది. అక్కడ ఇంకా లోటు కనపడితే కన్సీలర్ ఆవగింజంత. చివర పౌడరు ముక్కుకి మాత్రమే. క్రీము బ్లష్ మీద పౌడరు పడి ఉంటే మళ్ళీ క్రీము వేయకండి, అదే రంగు పౌడరు బ్లష్ వేయండి. గుడికి ఎండలోంచి నడిచి వెళ్ళేదుంటే సన్‌స్క్రీన్ కుషన్ రకంతో (డబ్బాలోని స్పాంజిలో నింపి వచ్చేది) అద్దుకోవచ్చు. ఇంతకీ ఏడెనిమిది నిమిషాల పని.

ఎడిసన్ తెలుగమ్మాయి (న్యూజెర్సీ)

పార్లరు పనులు ఎప్పటికి పూర్తిచేసుకోవాలి?

నీరెండ

ఐబ్రోస్, పై పెదవి థ్రెడింగ్ పండగకి మూడు రోజుల ముందే. ముందు రోజు చేయిస్తే ఆ చోట తలంటు నూనె, పసుపు మండుతాయి, ఎర్రటి పొక్కుల మీద కన్సీలర్ కూడా నిలవదు. బ్లీచ్, కొత్త రకం ఫేషియల్ ఆ వారంలో పెట్టుకోవద్దు. రాత్రిపూట రెటినాల్ (ముడతలు, మచ్చల కోసం రాసేది) వాడేవాళ్ళు నాలుగు రోజుల ముందు ఆపేయండి, లేకపోతే నలుగు రుద్దినప్పుడు చర్మం గీరుకుపోతుంది.

మామిడిపూత

టింట్, కన్సీలర్ కొత్తవే కొంటున్నాను. నేరుగా గురువారం పొద్దున వాడేస్తే ప్రమాదమా?

నీరెండ

ఆదివారం రాత్రికే చెవి వెనక చుక్క రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు లేకపోతే మంగళవారం సాయంత్రం మొత్తం ఒకసారి వేసుకుని, గంటసేపు వంటింట్లోనే ఉండి, తర్వాత కిటికీ దగ్గర అద్దంలో ముక్కు పక్కన చూడండి. అక్కడ చీలితే టింట్ పరిమాణం సగం చేయండి. డబ్బా మీద మూత తెరిచి ఉన్న బొమ్మలో 6 అనో 12 అనో ఉంటుంది, తెరిచాక అన్ని నెలలే వాడాలి. మూత తీసిన తేదీ మార్కరుతో అడుగున రాసి పెట్టుకోండి. స్కూటీ డిక్కీలో మాత్రం ఉంచకండి, ఆ వేడికి నూనె, రంగు విడిపోతాయి.

సున్నిపిండి

మంగళవారం వేసి చూసేటప్పుడు తలకి నూనె కూడా రాసుకుని తలంటుకోండి. నూనె లేని రోజు నిలిచిందని పండగ నాడు నిలుస్తుందని చెప్పలేం.